పానా పట్టే చదువు: అనంతపురం, కర్నూలు, కడప పిల్లలు మెకానిక్ కోర్సులో చేరడం ఎలా, చేరాక నేర్వడం ఎలా

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో నాకు ఫోన్లు మొదలవుతాయి. "మామా, మావాడు బండ్లంటే పడిచస్తాడు, యాడ చేర్పిద్దాం?" అని ఒకరు. "అన్నా, ఐటీఐ మేలా, పాలిటెక్నిక్ మేలా?" అని ఇంకొకరు. నేను అనంతపురంలో కార్ల సర్వీస్ సెంటర్‌లో ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. అంతకు ముందు గుత్తి రోడ్డు మీద లారీ షెడ్డులో పానాలు అందించాను, తర్వాత ఐటీఐ చదివాను, ఆర్టీసీ డిపోలో అప్రెంటిస్‌గా, అంటే స్టైపెండ్ మీద పని నేర్చుకునేవాడిగా చేశాను. అందరికీ విడివిడిగా చెప్పే మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదట బండి తేల్చుకోండి, తర్వాత కోర్సు

చాలామంది కోర్సు పేరు దగ్గర మొదలుపెడతారు. అది తలకిందుల పని. పిల్లవాడు ఏ బండి కింద పడుకుని పని చేయబోతున్నాడో ముందు తేలాలి. తాడిపత్రి, ఎర్రగుంట్ల, బేతంచర్ల వైపు వాళ్లకు సిమెంటు, నాపరాళ్లు మోసే లారీలు, టిప్పర్లు ఉన్నాయి. వాటికి డీజిల్ ఇంజన్, ఎయిర్ బ్రేకులు, గేర్ బాక్సు వచ్చినవాడు కావాలి. కళ్యాణదుర్గం, కదిరి పల్లెల్లో శనక్కాయ చేలకు తిరిగే ట్రాక్టర్లు ఉన్నాయి. టౌనులో ఉండాలనుకుంటే కార్లు, స్కూటర్లు.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే సరిచేసుకోవాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా ప్లాంటు మొదలయ్యాక, "కియాలో చేరడానికి మెకానిక్ కోర్సు" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ప్లాంటు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వస్తుంది. అక్కడ చేసేది బండి తయారీ. లైను మీద నిలబడి, తన వంతు వచ్చిన పార్టును నిమిషాల లెక్కన బిగించే పని. చెడిపోయిన బండిలో తప్పు ఎక్కడుందో వెతికే పని వేరు. రెండూ గౌరవమైన పనులే, కానీ వెతకడం ఇష్టమున్నవాడు లైను మీద ఆరు నెలలకే విసుగెత్తిపోతాడు. మీవాడు ఎలాంటివాడో మీకే తెలుసు.

దారులు ఎన్ని

పది పాసై ఉంటే ముఖ్యమైన దారి ఐటీఐ. అందులో మన పనికి ముఖ్యంగా వచ్చే ట్రేడులు రెండు. మెకానిక్ డీజిల్ ఒక సంవత్సరం, మెకానిక్ మోటార్ వెహికల్ రెండు సంవత్సరాలు. ఈ రెండోదాన్ని అందరూ ఎంఎంవీ అంటారు. వీటితోపాటు టూ వీలర్, ట్రాక్టర్, బాడీ రిపేరు, పెయింటింగ్ ట్రేడులూ, ఈ మధ్యే వచ్చిన ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడూ దేశవ్యాప్త పట్టికలో ఉన్నాయి. అన్నీ అన్ని ఐటీఐల్లో ఉండవు. కనీస వయసు 14 ఏళ్లు.

నన్నడిగితే, ఇంట్లో మరీ ఇబ్బంది లేకపోతే ఎంఎంవీలోనే చేర్చండి. డీజిల్ ట్రేడు ఒక ఏడాదిలో అయిపోతుందనే ఆశ సహజమే. కానీ ఆ ఏడాదిలో ఇంజన్ దాటి పెద్దగా బయటికి రాలేరు. పెట్రోల్, గేర్ బాక్సు, స్టీరింగు, బ్రేకులు, కరెంటు పని అన్నీ చేతికి రావాలంటే రెండేళ్లూ సరిపోవు, ఒకటేం సరిపోతుంది? పైగా రెండేళ్ల ట్రేడు చదివితే, బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి డిప్లొమా రెండో సంవత్సరంలో నేరుగా చేరే దారి ఉంటుంది. అక్కడి నుంచి ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఇప్పుడు అవసరం అనిపించకపోయినా ఆ తలుపు తెరిచే ఉండనివ్వండి.

రెండో దారి మూడేళ్ల డిప్లొమా. దానికి పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30, మొత్తం 120 మార్కులు. ఆటోమొబైల్ బ్రాంచి దొరక్కపోతే మెకానికల్‌తోనూ సర్వీస్ సెంటర్లలోకి వస్తారు. డిప్లొమావాళ్లు ఎక్కువగా సర్వీస్ అడ్వైజర్లుగా, వారంటీ విభాగంలో, సూపర్‌వైజర్లుగా స్థిరపడతారు. చేతికి గ్రీజు అంటకుండా పైకి పోదామనుకునేవాళ్లు దీనికి వస్తుంటారు. అలా వచ్చినవాణ్ణి కింద పనిచేసే మెకానిక్ పది నిమిషాల్లో పసిగట్టేస్తాడు, ఆ తర్వాత వాడి మాట ఫ్లోరు మీద చెల్లదు.

ఇంటర్ వొకేషనల్‌లో కూడా ఆటోమొబైల్ గ్రూపు ఉంది. దాని తర్వాత అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయాలి, లేకుంటే అది కాగితం మీదే మిగులుతుంది.

ట్రాక్టర్ల మీద మనసున్నవాళ్లకు మన జిల్లాలోనే ఒక మంచి చోటుంది, దాని సంగతి మనవాళ్లకే సరిగ్గా తెలియదు. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖ కింద దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ నడుస్తోంది. ట్రాక్టర్లు, ఇతర యంత్రాలు వాడటం, బాగోగులు చూడటం, మరమ్మతు మీద అక్కడ పొట్టి కోర్సులు ఉంటాయి. దక్షిణాది రాష్ట్రాల నుంచి జనం వెతుక్కుంటూ వస్తారు. మనమేమో బస్సులో దాని ముందు నుంచే పోతుంటాం.

ఐటీఐని కళ్లారా చూడకుండా ఆప్షన్ పెట్టొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. నా తప్పు నుంచి చెబుతున్నాను. షెడ్డు మానేసి మొదట నేను చేరింది ఒక ప్రైవేటు ఐటీఐ. వర్క్‌షాపులో అడుగు పెట్టగానే లోపలి భాగాలు కనబడేలా కోసి, ఎరుపు, నీలం రంగులు వేసిన ఇంజన్ ఒకటి అద్దాల పెట్టెలో కనబడింది. ఎంత బాగుందో అనుకున్నాను. ఆరు నెలలు గడిచినా ఆ పెట్టె తాళం తీయలేదు. అడిగితే, "విప్పితే మళ్లీ బిగించేదెవరప్పా?" అన్నారు. ఆ ఏడాది పోయింది. మరుసటి ఏడు సర్కారు ఐటీఐలో మళ్లీ మొదటి నుంచి చేరాను.

కాబట్టి ఆప్షన్లు పెట్టేముందు కొడుకును వెంటబెట్టుకుని వెళ్లండి. క్లాసులు జరిగే రోజునే వెళ్లండి. ఆఫీసు గదిలో కూర్చుని ఫీజులు మాట్లాడటం తర్వాత సంగతి, ముందు వర్క్‌షాపు చూపించమనండి. నేల మీద ఆయిల్ మరకలు ఉన్నాయా? బల్లల మీద విప్పిన భాగాలు ఉన్నాయా? తళతళలాడే వర్క్‌షాపు చూసి మురిసిపోకండి. పని జరిగే చోట కొంత జిడ్డు ఉంటుంది. అక్కడి పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: "పోయిన నెలలో ఏ ఇంజన్ దించారు?" జవాబు వెంటనే వస్తే సగం సంగతి తేలిపోయినట్టే. మాస్టారి వైపు చూస్తే మిగతా సగం కూడా తేలిపోయినట్టే.

ఇంకా ఇవి చూడండి. స్టార్టయ్యే బండి కనీసం ఒకటి ఉందా? పాత అంబాసిడర్ ఇంజన్ మాత్రమే ఉందా, ఇప్పటి బండ్లలో వచ్చే కామన్ రైల్ డీజిల్ ఇంజన్ కూడా ఉందా? బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ ఉందా, ఉంటే పిల్లల చేతికిస్తారా? వెర్నియర్, మైక్రోమీటర్, డయల్ గేజి లాంటి కొలిచే సామాన్లు బీరువాలో ఉన్నాయా, బల్ల మీద ఉన్నాయా? చెప్పే మాస్టారు ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ పొందినవారా? ఒక యూనిట్‌కు, అంటే ఒక బ్యాచికి 24 సీట్లు ఉంటాయి. 24 మందికి ఒకే టూల్ బాక్సు ఉంటే ఎవరి చేతికి ఏం వస్తుంది?

గుర్తింపు సంగతి కూడా అప్పుడే అడిగి తేల్చుకోండి. ఆ ట్రేడుకు, ఆ యూనిట్‌కు కేంద్ర గుర్తింపు ఉండాలి, జనం దాన్ని ఇంకా ఎన్సీవీటీ అనే పిలుస్తారు. ఐటీఐకి ఉండి ఆ ట్రేడుకు లేకపోతే దొరికే సర్టిఫికెట్‌తో అప్రెంటిస్‌షిప్ దగ్గర ఇబ్బంది పడతారు. గేటు బోర్డు మీద ఏం రాసుందో కాదు, కేంద్ర పోర్టల్‌లో ఆ ఐటీఐ పేరు కొట్టి చూడండి.

అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా సర్కారు ఐటీఐలు ఉన్నాయి. సీటు వస్తే ముందు అక్కడే, అందులో సందేహం లేదు. ఫీజు తక్కువ అనే కాదు, పాతవైనా సామాన్లు ఉంటాయి. ప్రైవేటులోనూ బాగా చెప్పేవి ఉన్నాయి, కాకపోతే అవి వెతుక్కోవాలి.

దరఖాస్తు

ఇది చిన్న పని, కానీ తేదీ జారిపోతే ఏడాది పోతుంది. రాష్ట్ర ఐటీఐ పోర్టల్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు, తర్వాత సర్కారు ఐటీఐలో సర్టిఫికెట్ల పరిశీలన, ఆ తర్వాత పదో తరగతి మార్కులు, రిజర్వేషన్ల ప్రకారం కౌన్సెలింగ్. విడతలు విడతలుగా జరుగుతుంది. మొదటి విడతలో రాకపోతే గుండె జారిపోనక్కర్లేదు, రెండో విడతలో మంచి సీట్లు మిగలడం నేను చూశాను. పది మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు, ఆధార్, బ్యాంకు ఖాతా ముందే సిద్ధంగా పెట్టుకోండి. మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా రెండేళ్ల తర్వాత అప్రెంటిస్ పోర్టల్‌లో అది మెడకు చుట్టుకుంటుంది.

చేరాక నేర్వాల్సింది

షెడ్డులో పెరిగినవాళ్లకు ఒక గర్వం ఉంటుంది, నాకూ ఉండేది. చెవితో వినే ఇంజన్ జబ్బు చెబుతామని. పాత లారీలకు అది చాలావరకు నడిచింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా పొగ తగ్గించే బీఎస్6 ప్రమాణం బండ్లే అమ్ముతున్నారు. పాత మెకానికల్ పంపు కాలంలో నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడికి తెరుచుకునేది. ఇప్పటి కామన్ రైల్‌లో ఆ ఒత్తిడి 1600, 2000 బార్ దాకా పోతుంది. ఇంజన్ నడుస్తుండగా పైపు యూనియన్ వదులు చేసి ఏ సిలిండర్ కొట్టడం లేదో చూసే పాత అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ఒత్తిడి దగ్గర డీజిల్ ధార చర్మాన్ని కోసి లోపలికి పోతుంది.

పొగ గొట్టం వైపు చూస్తే అక్కడా కొత్త సరంజామానే. మసిని పట్టి ఆపే ఫిల్టరు డీపీఎఫ్, డీఈఎఫ్ అనే యూరియా ద్రావణంతో పొగలోని విషవాయువులను తగ్గించే ఎస్సీఆర్. ఆ డీఈఎఫ్ ద్రావణంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా ఉంటుంది. చేనుకు చల్లే యూరియాను బిందెలో కలిపి ట్యాంకులో పోసే మహానుభావులూ ఉన్నారు. ఆ తర్వాత ఆ బండి మన దగ్గరికే వస్తుంది.

ఇక ఐటీఐ రెండేళ్లలో మూడు సంగతులు గట్టిగా పట్టుకోండి.

మొదటిది కొలవడం. సిలిండర్ బోరు అరిగిందో లేదో వేలు పెట్టి చెప్పేవాళ్లు షెడ్డుకు ఇద్దరుంటారు. మీరు బోర్ గేజితో పైన, మధ్యలో, కింద, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలిచి రాసుకోండి. పైకీ కిందకీ తేడా వస్తే టేపరు, రెండు దిక్కులకూ తేడా వస్తే ఓవాలిటీ. బోరింగ్ చేయించాలో, రింగులు మార్చితే చాలో ఆ అంకెలే చెబుతాయి. హెడ్ బోల్టులను, బిగింపు బలం చూపే టార్క్ రెంచితో మధ్య నుంచి బయటికి, విడతలుగా బిగించడం చేతికి అలవాటు కావాలి. "నా చేతి బలం నాకు తెలుసు" అనే మేస్త్రిని గౌరవించండి, అనుకరించకండి.

రెండోది కరెంటు. మనవాళ్లలో చాలామంది దీన్నే ఎగ్గొడతారు, ఎలక్ట్రీషియన్ వేరే ఉంటాడులే అని. ఇప్పుడు బండిలో కరెంటు తాకని పని అరుదు. వెయ్యి రూపాయల లోపు దొరికే మల్టీమీటర్ మొదటి నెలలోనే కొనుక్కోండి. నిండా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ కదలకుండా ఉన్నప్పుడు దాదాపు 12.6 చూపాలి. చాలా బండ్లలో ఇంజన్ స్టార్ట్ చేశాక 14 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఇది వచ్చాక వోల్టేజి డ్రాప్, అంటే కరెంటు పారే దారిలో ఎంత వోల్టేజి పోతోందో కొలవడం నేర్చుకోండి. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను.

ఒకసారి మా దగ్గరికి సెల్ఫ్ నెమ్మదిగా తిరిగే కారు వచ్చింది. అప్పటికే బయట ఒక షెడ్డులో బ్యాటరీ, ఇంకో షెడ్డులో సెల్ఫ్ మోటారు కొత్తవి వేశారు. ఓనరు మా ముఖాలు కూడా చూడటం లేదు. అప్పుడే ఐటీఐ ముగించి వచ్చిన కుర్రాడు మీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొస ఇంజన్ మీద పెట్టి, "సార్, సెల్ఫ్ కొట్టండి" అన్నాడు. అర వోల్టు కూడా దాటకూడని చోట రెండు వోల్టుల పైన చూపించింది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీ కింద తుప్పు. గీకి, శుభ్రం చేసి బిగించాడు. అంతే. పార్టులు మార్చేవాడికీ, తప్పు వెతికేవాడికీ తేడా నాకు ఆ రోజు అర్థమైనంత స్పష్టంగా ముందెప్పుడూ అర్థం కాలేదు.

స్కానర్ సంగతి కూడా ఇందులోదే. అది జబ్బు పేరు చెబుతుందనుకుంటారు. చెప్పదు. ఏ వీధిలో వెతకాలో చెబుతుంది. పీ అక్షరంతో మొదలైతే ఇంజన్, గేర్ బాక్సు వైపు, సీ అయితే చాసిస్, బీ అయితే బాడీ, యూ అయితే కంప్యూటర్ల మధ్య మాటలు తెగిన చోటు. పీ0300 వచ్చిందంటే సిలిండర్లు సరిగ్గా కొట్టడం లేదని. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, గాలి లీకా అన్నది మీరే తేల్చాలి. కోడ్ చూసి పార్టు ఆర్డర్ పెట్టేవాడు ఓనరు డబ్బుతో జూదమాడుతున్నట్టే.

ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుల్ కనబడితే, దానికి శిక్షణ పొందేదాకా చెయ్యి పెట్టొద్దు. అందులో వందల వోల్టులు ఉంటాయి. సర్వీస్ ప్లగ్ తీశాక కూడా కంపెనీ చెప్పినంత సేపు ఆగి, కరెంటు లేదని మీటర్‌తో చూసుకున్నాకే ముట్టుకోవాలి.

మూడోది రాయడం, చదవడం. సర్వీస్ మాన్యువల్ ఇంగ్లిషులోనే ఉంటుంది. ఆ ఇంగ్లిషు మూడు నాలుగు వందల మాటలకు మించదు. రోజుకు ఐదు మాటలు నోట్‌బుక్కులో తెలుగు అర్థంతో రాసుకుంటే ఏడాదిలో మాన్యువల్ చదవగలుగుతారు. జాబ్ కార్డు రాయలేని మెకానిక్ ఎంత పనిమంతుడైనా సర్వీస్ సెంటర్‌లో ఒక మెట్టు దగ్గర ఆగిపోతాడు.

సెలవుల్లో షెడ్డుకు పొండి. ఐటీఐలో చదివేవాడు షెడ్డుకు పోకూడదన్న నామోషీ వద్దు. అక్కడ ఒక్క ఆదివారం చూసే బండ్లు వర్క్‌షాపులో నెలకు కూడా రావు.

పరీక్షలు

అఖిల భారత ట్రేడ్ టెస్టు ఏడాది చివర జరుగుతుంది. థియరీ కంప్యూటర్ మీద, ప్రాక్టికల్ వర్క్‌షాపులో. ప్రాక్టికల్‌లో, ఏడాది పొడుగునా వేసే అంతర్గత మార్కుల్లో 60 శాతం రావాలి, మిగతా వాటిలో 33 చాలు. హాజరు 80 శాతం ఉండాలి. పాసు కావడం కష్టం కాదు. కానీ అప్రెంటిస్‌షిప్‌కు మెరిట్ చూసే చోట పాసు మార్కులతో పోతే వెనుక వరసలో నిలబడాలి.

అప్రెంటిస్‌షిప్: దీన్ని వదలొద్దు

ఐటీఐ సర్టిఫికెట్ రాగానే నెలకు నాలుగు రాళ్లు ఎక్కువిస్తామనే చోట చేరిపోతారు పిల్లలు. ఆగండి. కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఇది నడుస్తుంది. 2019 సవరణ ఐటీఐ పాసైనవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 7000 రూపాయలుగా పెట్టింది. ముగిశాక పరీక్ష పెట్టి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. ఐటీఐ కాగితం పక్కన ఇది ఉంటే విలువే వేరు.

మన జిల్లాలకు పెద్ద దిక్కు ఆర్టీసీ. డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి ట్రేడుల్లో డిపోలకు అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. మన వైపు వాళ్లకు సర్టిఫికెట్ల పరిశీలన కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గరున్న ఆర్టీసీ జోనల్ స్టాఫ్ ట్రైనింగ్ కాలేజీలో పెడుతుంటారు. ప్రకటన పేపర్లో చిన్నగా పడుతుంది, గడువు కూడా తక్కువే. ముందే చెబుతున్నాను, అప్రెంటిస్ అయితే ఆర్టీసీలో ఉద్యోగం ఖాయమని ఎవరైనా అంటే నమ్మొద్దు. తీసుకునే బాధ్యత సంస్థ మీద లేదు. డబ్బిస్తే ఇప్పిస్తామనేవాణ్ణి గుమ్మం కూడా ఎక్కనివ్వకండి.

మరి ఎందుకు పోవాలి? రాత్రి డిపోకు చేరిన బస్సు తెల్లారి మళ్లీ రోడ్డెక్కాలి కాబట్టి. ఆ తొందరలో పనిచేయడం, రిజిస్టర్ చూసి ఏ బస్సుకు ఎన్ని కిలోమీటర్లకు ఏం చేయాలో తెలుసుకోవడం, పాడయ్యేదాకా ఆగకుండా ముందే చూడటం ఇంకెక్కడా అంత బాగా రాదు. బ్రేక్ లైనర్లు నా చేతుల మీదుగా ఎన్ని మారాయో లెక్కే లేదు.

కార్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు కంపెనీ డీలర్ల సర్వీస్ సెంటర్లలో అప్రెంటిస్‌గా చేరండి. కంపెనీ శిక్షణకు పంపుతారా అని మొదటిరోజే అడగండి. ఈలోగా 18 నిండగానే డ్రైవింగ్ లైసెన్సు తీసుకోండి. రోడ్ టెస్టు చేయలేని మెకానిక్‌కు సగం జబ్బులు కనబడవు.

ఇప్పటికే షెడ్డులో ఉన్నవాళ్లకు

పది దాటకుండా, లేదా పది తప్పి పదేళ్లుగా షెడ్డులో పనిచేస్తున్న అన్నలు కూడా అడుగుతుంటారు, ఇప్పుడు ఐటీఐకి పోతే నవ్వరా అని. ఐటీఐలో గరిష్ఠ వయసు పరిమితి లేదు, పైన చెప్పిన రెండు ట్రేడులకు పది మాత్రం పాసై ఉండాలి. అయినా ఇల్లు గడవాలి కదా. అలాంటివాళ్లకు ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, దాన్ని ఆర్పీఎల్ అంటారు. వాహన రంగంలో ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం ఇది జరుగుతుంది. పొట్టి కోర్సులు కావాలంటే రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కేంద్రాల్లో కనుక్కోండి. స్కానర్ వాడకం, కామన్ రైల్, ఏబీఎస్ ఇలా ఒక్కో అంశం మీద పట్టు సాధిస్తే షెడ్డుకు వచ్చే బండ్ల రకమే మారుతుంది.

మొదటి ఉద్యోగంలో

చేరిన కొత్తలో వాషింగు, ఆయిల్ మార్చే బే దగ్గర పెడతారు. తప్పులేదు, అందరం అక్కడి నుంచే వచ్చాం. డ్రెయిన్ ప్లగ్ వాషర్ మార్చకుండా బిగించి మర్నాడు తిట్లు తిననివాడు లేడు. జీతం వెయ్యి తక్కువైనా పెద్ద పనులు దొరికే చోటును ఎంచుకోండి. ఇంటర్వ్యూలోనే అడగండి: ఇంజన్ ఓపెనింగ్ పనులు ఇక్కడే చేస్తారా, బయటికి పంపుతారా? సీనియర్ పక్కన హెల్పర్‌గా ఎన్ని నెలలకు వేస్తారు?

ఆరు నెలలైనా ఆయిల్ బే దగ్గరే నిలబెడితే ఫ్లోర్ సూపర్‌వైజర్ దగ్గరికి పోయి గేర్ బాక్సు పనికి వేయమని అడగండి. ఖాళీ లేదంటాడు. మళ్లీ నెల తర్వాత అడగండి. నా దగ్గరికి అలా మూడుసార్లు వచ్చినవాడే ఆ ఎర్త్ పట్టీ కనిపెట్టిన కుర్రాడు.